నెల్లిమర్ల రోడ్డు నర్సరీలో కొన్న వాలు కొమ్మల మల్బరీ: మొక్క, నాటింపు, ఆ తర్వాత వాళ్ల సాయం

కొమ్మలు కిందికి వాలే మల్బరీ విజయనగరంలో ఎక్కడ దొరుకుతుందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేవాళ్లు మా ఇంటి ముందు చెట్టు దగ్గర ఆగి మరీ అడుగుతారు. ఊరు దాటి నెల్లిమర్ల వైపు వెళ్తుంటే ఎడమ చేతికి పచ్చటి షేడ్ నెట్ కట్టి ఉండే ఈ నర్సరీలోనే కొన్నాం. మొక్క నాటి ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. చెట్టు నిలబడింది, కొమ్మలు నేల దాకా దిగాయి, రెండు వేసవులు దాటింది. మొక్క కొన్న మర్నాడే నక్షత్రాలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: అంటు మల్బరీ కావాలంటే ఇక్కడికే వెళ్లండి. వాళ్లు చెప్పేదాంట్లో ఒక్క పురుగు మందు సలహా మాత్రం వదిలేసి, మిగతాదంతా శ్రద్ధగా వినండి.

మల్బరీ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పైరు. మాది శ్రీకాకుళం. నాన్నగారు పట్టు పరిశ్రమ శాఖలో ఉద్యోగం చేస్తూ హిందూపురం వైపు చాలా ఏళ్లు ఉన్నారు, నా చదువు సగం అక్కడే సాగింది. అక్కడ మల్బరీ అంటే చెట్టు కాదు, తోట. సాళ్లలో దగ్గర దగ్గరగా నాటి, ఏడాదికి నాలుగైదు పంటలు ఆకు కోస్తారు. కోసినప్పుడల్లా మోకాలి కిందికి నరికేస్తారు. పట్టుపురుగు తన మొత్తం జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఆఖరి దశలోనే తింటుంది. ఆ వారం రోజులూ ఇంటిల్లిపాదీ పొలంలోనే ఉండేవారు. మల్బరీని ఎదగనిచ్చి, పళ్లు కాయనిచ్చి, దాని నీడలో కూర్చోవచ్చన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. అందుకే ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు వైపు అందానికి ఒక మల్బరీ ఉండాలని పట్టుబట్టాను. మా అత్తగారు "పట్టుపురుగుల చెట్టు ఇంటి ముందేంటే" అన్నారు గానీ, ఇప్పుడు మొదటి పండు ఆవిడ చేతికే వెళ్తుంది.

ఈ నర్సరీకి రాకముందు ఆన్‌లైన్‌లో ఒక చోట తెప్పించాం. ఫోటోలో నిండుగా కొమ్మలు వాలిన చెట్టు, పార్సిల్‌లో జానెడు మొక్క. పెంచితే నిటారుగా, ఏపుగా, మామూలు మల్బరీలా పైకే పోయింది. ఫిర్యాదు చేస్తే ఎదిగాక వాలుతుందని జవాబు. మల్బరీలో అలా జరగదు. ఎందుకో ఈ నర్సరీలో అంటు కట్టే పెద్దాయన చూపించిన తీరు చెప్తాను, ఎవరు ఎక్కడ కొన్నా పనికొస్తుంది.

వెళ్లిన రోజు ఓనరు లేడు. ఆ పెద్దాయన కూజాలోంచి మంచినీళ్లు ఇచ్చి, నేరుగా మొక్కల దగ్గరికి తీసుకెళ్లాడు. వరసలో ఉన్న ఒక మొక్కను ముందుకు లాగి, దాని కాండం మీద నా వేలు పట్టించాడు. కింద బెరడు గరుకుగా, బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంది. నా భుజం ఎత్తులో నిమ్మకాయంత గుబ్బ. ఆ గుబ్బ పైనుంచి బెరడు నున్నగా, కొంచెం లేత రంగులో మారిపోయింది. అక్కడి నుంచి వచ్చిన నాలుగు కొమ్మలూ ఒక జానెడు పక్కకి వెళ్లి, ఆ తర్వాత తలలు దించేశాయి. గుబ్బ చుట్టూ అంటు కట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా ఉంది, ఒక వైపు బెరడులోకి కోసుకుపోతోంది. పెద్దాయన జేబులోంచి బ్లేడు తీసి టేపును నిలువునా చీరి, నెమ్మదిగా ఊడదీశాడు. బెరడు మీద గీత పడిన చోట తెల్లటి పాలు చిన్న చుక్కగా ఊరాయి. వేలితో తుడిచేసి అన్నాడు:

"ఈ గుబ్బ కిందనించి ఏటొచ్చినా గిల్లేయాలమ్మా. పైనించి ఏటొచ్చినా ఒగ్గేయాల. అంతే తల్లీ, ఇంకేటీ లేదు."

నిజంగా దీని సంగతి అంతే. మనం ఒక చెట్టు అనుకుని కొనేది రెండు చెట్లు. కింది మొదలు మామూలు మల్బరీ, పైన కట్టింది తెల్ల మల్బరీలో కొమ్మలు వాలే రకం. ఆ వాలే రకానికి తనంతట తాను పైకి లేచే శక్తి లేదు. దాని కొమ్మను నేలలో గుచ్చితే బతుకుతుంది గానీ నేల మీదే పాకుతుంది. అందుకే నిటారుగా పెరిగిన మొదలు మీద, మనకు కావలసినంత ఎత్తులో అంటు కట్టాలి. చెట్టు ఎత్తు ఆ అంటు దగ్గరే దాదాపు ఆగిపోతుంది, ఏడాదికేడాది పక్కలకి విస్తరిస్తుంది. కాబట్టి డబ్బు పెట్టేది అంటు ఎత్తుకే. ఇక్కడ మూడడుగుల ఎత్తులో కట్టినవి తొమ్మిది వందలు, అయిదడుగులు దాటినవి పద్దెనిమిది వందలు చెప్పారు. ఆ సగం తేడా చూసి చిన్నది తీసుకోవద్దు. మూడడుగుల మీద కట్టిన చెట్టు పెద్ద కుండీలో, డాబా మీద బాగుంటుంది. నేలలో పెడితే రెండేళ్లకల్లా కొమ్మలు నేలకి ఆని, గుబురుపొదలా కూర్చుంటుంది, కింద ఊడవడం కూడా కష్టం. మేము పెద్దదే తీసుకున్నాం, బేరం ఆడితే వంద తగ్గించారు.

మొక్క ఎంచుకునేటప్పుడు నేను చూసినవి చెప్తాను. గుబ్బ చుట్టూ అతుకు పూర్తిగా మూసుకుపోయిందా, ఎక్కడైనా నల్లటి సందు ఉందా చూడాలి. కొమ్మలన్నీ ఒకే పక్కకి ఉంటే తర్వాత చెట్టు ఒరుగుతుంది, నాలుగు దిక్కులా ఉన్నదే తీసుకోవాలి. ఆకులు ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉంటే కంగారు పడొద్దు. మల్బరీలో ఒకే కొమ్మ మీద నిండు ఆకూ, చీలికల ఆకూ రెండూ రావడం మామూలే. నల్ల కవరు అడుగున వేళ్లు బయటికి వచ్చాయంటే మొక్క కవరులో చాలాకాలం ఉండిపోయిందని అర్థం. మాదీ అలాగే ఉంది. నాటేటప్పుడు పెద్దాయనే ఆ చుట్టుకుపోయిన వేళ్లను కత్తిరించి, మిగతావాటిని వేళ్లతో విడదీశాడు. చాలా చోట్ల ఈ పని చేయకుండా కవరు చింపి గోతిలో దించేస్తారు. అలా దించితే వేళ్లు ఏళ్ల తరబడి అదే చుట్టలో తిరుగుతుంటాయి.

నాటడానికి మూడు వందలు, ఆటోకి రెండు వందల యాభై వేరే. ఆ మూడు వందలకీ వాళ్లు చేసిన పని చూసి నాకు చాలా సంతోషం వేసింది.

ముందు చోటు. నేను కారు షెడ్డు పక్కన చూపిస్తే ఓనరు ఒప్పుకోలేదు. "పళ్లు రాలితే కారు మీద ఊదా మరకలండి మేడం, తర్వాత మమ్మల్ని తిడతారు" అన్నాడు. సెప్టిక్ ట్యాంకు ఎటు ఉంది, నీళ్ల పైపు ఎటు పోయింది అని అడిగి మరీ తెలుసుకున్నాడు. మల్బరీ వేరు పైపైన దూరంగా పాకుతుంది, తడి ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది. చివరికి గేటుకి కుడి వైపు, ప్రహరీకి పదడుగుల దూరంలో, రోజంతా ఎండ తగిలే చోట పెట్టారు. నీడలో పెడితే ఈ చెట్టు కొమ్మలు పల్చగా సాగిపోతాయి తప్ప నిండవు.

మా కాలనీలో పైన ఎర్రమట్టి, రెండడుగులు తవ్వేసరికి గ్రావెల్. గునపం దెబ్బకి నిప్పులు వచ్చాయి. గొయ్యి రెండడుగుల లోతు, అంతకంటే కొంచెం ఎక్కువ వెడల్పు తీసి, వారం ఎండకి వదిలేశారు. తర్వాత తీసిన ఎర్రమట్టికి బాగా మాగిన పశువుల గెత్తం రెండు గంపలు, చెదలు పట్టకుండా వేపపిండి కలిపారు. పచ్చి పేడ వద్దని గట్టిగా చెప్పాడు పెద్దాయన, దానికి చెదలు వస్తాయి, వేరు మాడుతుంది. గొయ్యిలో ఒక బిందె నీళ్లు పోసి అవి ఎంతసేపట్లో ఇంకుతున్నాయో చూశాకే మొక్క దించాడు. కవరులో ఎంత లోతు ఉందో నేలలోనూ అంతే ఉండాలని, అడ్డంగా ఒక కర్ర పెట్టి సరిచూశాడు. జూలై మొదట్లో, వానలు పడి నేల మెత్తబడ్డాక పెట్టాం. మన వైపు దానికంటే మంచి అదను లేదు.

కర్రలు కట్టడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ చెట్టు బరువంతా తల దగ్గరే ఉంటుంది, మొదలు మాత్రం సన్నం. మనది తుపానుల దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ ఎన్నేళ్ల చెట్లు వేళ్లతో లేచిపోయాయో విజయనగరంలో అందరికీ గుర్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టింది, మా చుట్టాల తోట కూడా అందులో పోయింది. అంటు మొక్కకి ఇంకో భయం ఉంది, అది వేళ్లతో లేవకపోయినా అతుకు దగ్గర విరగొచ్చు. అందుకని వీళ్లు ఒక కర్ర కాదు, రెండు సరుగుడు బాదులు మొక్కకి రెండు పక్కలా పాతారు. పాత కాటన్ చీర పీలికలతో ఎనిమిది అంకె ఆకారంలో కట్టారు, మొక్క కర్రకి రాసుకోకుండా మధ్యలో గుడ్డ మెలిక పడేలా. ఒక కట్టు మొదలు మధ్యలో, ఇంకోటి గుబ్బకి నాలుగు వేళ్ల కింద. ప్లాస్టిక్ తాడు, కేబుల్ టై వాడొద్దన్నారు, బెరడును కోసేస్తాయి. కట్టు గట్టిగా బిగించలేదు. గాలికి కొంచెం ఊగితేనే మొదలు లావెక్కుతుందని చెప్పారు, అది సరైన మాటే.

ఆ ఏడాదే అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు గాలీ వానా. ఒక బాదు వదులైంది. ఫోన్ చేస్తే ఆ రోజు రాలేదు, దసరా తర్వాత తొలేళ్లు, సిరిమాను పండగ, నర్సరీ మూసేశారు. పైడితల్లమ్మ పండగకి మన ఊళ్లో ఎవరిని పనికి పిలుస్తాం? బుధవారం పొద్దున్నే పెద్దాయన సైకిల్ మీద వచ్చి, బాదు తీసి ఇంకాస్త లోతుకి పాతి, కట్టు మార్చి వెళ్లాడు. డబ్బులు ఇస్తే టీ తాగుతానని ఇరవై రూపాయలే తీసుకున్నాడు. అమ్మేసిన మొక్క గురించి ఇలా వచ్చి చూసే నర్సరీ నాకు ఇంకోటి తెలీదు.

మొదటి ఏడాది చేయాల్సిన పని రెండు మాటల్లో: పిలకలు గిల్లడం, నీళ్లు పెట్టడం.

కింది మొదలు ఊరుకోదు. వానలు పడ్డ ప్రతిసారీ గుబ్బ కింద ఎక్కడో ఒక ఎర్రటి మొగ్గ లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు బొటనవేలితో పక్కకి తోస్తే ఊడిపోతుంది, మచ్చ కూడా పడదు. నెల రోజులు వదిలేస్తే పెన్సిలంత కొమ్మ అయి, నిటారుగా పైకి పోయి, వాలే కొమ్మలకి అందాల్సిన బలమంతా లాగేస్తుంది. ఇలాంటి పిలక మా పక్కింటివాళ్లు ఒకటి ఉంచి చూశారు, వాళ్ల చెట్టు ఇప్పుడు సగం వాలు, సగం నిటారు. మా మొక్క పిలక ఆకులు పెద్దవిగా, మందంగా, చీలిక లేకుండా మెరుస్తూ ఉండేవి. చూడగానే నాన్నగారు గుర్తొచ్చారు. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ తీసిన వి-1 రకం ఆకు అచ్చం అలాగే ఉంటుంది. ఓనరుని అడిగితే నిజమే, పట్టు రైతుల దగ్గర కొమ్మలు తెచ్చి మొదళ్లు పెంచుతామన్నాడు. మంచి పని. అది మన ఎండలకి, మన నేలకి తట్టుకునే రకం, వేరు బాగా పోస్తుంది.

నీళ్ల విషయంలో మొదటి వేసవి రోజు విడిచి రోజు పెట్టాం. మొదలుకి తగలకుండా రెండడుగుల దూరంలో చుట్టూ పాదు చేసి, అందులో నిండుగా. పైన ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిచాం, అదీ మొదలుకి జానెడు దూరంలోనే. రెండో వేసవి నుంచి వారానికి ఒకసారి చాలు.

ఎరువు గురించి పట్టు రైతులను అడిగి వేయకండి, వాళ్ల లెక్క వేరు. నీటి వసతి ఉన్న మల్బరీ తోటకి ఏడాదికి హెక్టారుకి 350 కిలోల నత్రజని, 140 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ వేయమంటారు. అక్కడ ఆకంతా కోసి తీసుకెళ్తారు, పోయిన బలం మళ్లీ నేలకి ఇవ్వాలి. మన ఇంటి చెట్టు ఆకు మన పాదులోనే రాలుతుంది. ఏడాదికి రెండుసార్లు గెత్తం, ఒకసారి వేపపిండి, అంతకు మించి వద్దు. యూరియా చల్లితే కొమ్మలు లేతగా బారెడు సాగి, పిండినల్లి పురుగును పిలుచుకొస్తాయి.

కత్తిరింపుకి ఈ నర్సరీవాళ్లు మొదటిసారి ఉచితంగా వచ్చారు, తర్వాత నుంచి రెండు వందలు. మన వైపు డిసెంబరు చివర, సంక్రాంతికి ముందు చేస్తే సరిగ్గా సరిపోతుంది. అప్పటికి చెట్టు మందగిస్తుంది, ఆకు పసుపు తిరుగుతుంది. పెద్దాయన మొదట ఎండిన పుల్లలు తీశాడు, తర్వాత తల లోపల ఒకదాని మీద ఒకటి పడి రాసుకునే కొమ్మలు. ఆ తర్వాత చేసిన పని నేను కొత్తగా నేర్చుకున్నాను. వాలిన కొమ్మను కత్తిరించేటప్పుడు, దాని వీపు మీద పైకి చూసే కన్ను, అంటే చిగురు లేచే మొగ్గ చూసి, సరిగ్గా దాని ముందు కోశాడు. ఆ కన్ను నుంచి వచ్చే కొత్త కొమ్మ ముందు పైకి, బయటికి లేచి, ఆ తర్వాత వాలుతుంది. అలా ఏడాదికేడాది గొడుగు వెడల్పవుతుంది. కిందికి చూసే కన్ను దగ్గర కోస్తే కొత్త కొమ్మ మొదలుకి అంటుకుని నిలువునా వేలాడుతుంది, చెట్టు ఇరుకైపోతుంది. తోటలో నరకడం చూసి పెరిగిన నాకు, ఇలా ఒక్కో కన్నునీ చూసి కోయడం చూస్తుంటే ఎంత బాగుందో.

లావు కొమ్మలు మాత్రం ముట్టుకోకండి. మల్బరీకి రెండంగుళాలు దాటిన గాయం త్వరగా మానదు, పాలు కారుతూనే ఉంటుంది. అందుకే ఏటా సన్నగా ఉన్నప్పుడే చూసుకోవాలి. కోసేటప్పుడు ఆ పాలు చేతికి తగిలితే చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకి దురద పెడుతుంది, కడిగేసుకుంటే పోతుంది.

కత్తిరించి, మిగిలిన ముదురాకు దూసేస్తే కొత్త చిగురుతో పాటే పూత వస్తుంది. మా చెట్టుకి ఫిబ్రవరి, మార్చిల్లో పళ్లు. మొదటి ఏడాది వచ్చిన పిందెలు తీసేయమన్నారు, తీసేశాం. పోయిన ఏడాది నుంచి ఉంచుతున్నాం. ఎరుపులో పులుపు, నల్లబడ్డాక తీపి. గోరింకలు, పిగిలిపిట్టలు, కోయిలలు తెల్లవారకుండానే వచ్చేస్తాయి. బట్టల తీగ వెనక వైపుకి మార్చాల్సి వచ్చింది, ఎందుకో చెప్పక్కర్లేదు. ఈ గోలంతా వద్దు, పళ్లు రాని మగ మొక్క ఇవ్వండని కొందరు నర్సరీలో అడుగుతారట. నా సలహా, అడగొద్దు. మల్బరీ పుప్పొడి గాలిలో పోతుంది, మగ చెట్టు దాన్ని విపరీతంగా వదులుతుంది. తెల్ల మల్బరీ మగపువ్వు విచ్చుకునేటప్పుడు కేసరం శబ్దవేగంలో సగానికి పైగా వేగంతో పుప్పొడిని విసురుతుందని 2006లో అమెరికా శాస్త్రవేత్తలు కొలిచారు. ఆ పుప్పొడికి జనానికి ఎలర్జీలు పెరిగి, అరిజోనాలో టక్సన్ ఊరున్న పీమా కౌంటీ 1984లో మగ మల్బరీ అమ్మకాన్నే ఆపేసింది. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే పళ్లు కాసే చెట్టే మేలు. నేల మీద మరక నిమ్మకాయ రుద్దితే చాలావరకు వదులుతుంది.

ఇప్పుడు నేను ఒప్పుకోని మాట. రెండో ఏడు వేసవిలో కొన్ని కొమ్మల చివర్లు ముడుచుకుపోయాయి. ఆకులు మందమై, ముడతలు పడి, ముదురు పచ్చగా ఒక ముద్దలా కూడుకున్నాయి. కణుపుల మధ్య ఎడం లేదు. ముద్దను విప్పితే లోపల తెల్లటి మైనం పొడి, దాని మధ్య గులాబీ రంగు పురుగులు, చుట్టూ చీమల బారు. మా నాన్నగారు దీన్ని ఏటా చూసేవారు, తుక్ర అంటారు, పిండినల్లి పీల్చడం వల్ల వస్తుంది. ఫోటో పంపితే ఓనరు వెంటనే ఒక గట్టి పురుగు మందు పేరు రాసి కొట్టమన్నాడు. మేము కొట్టలేదు. మా చెట్టు పళ్లు వీధి పిల్లలు తింటారు, స్కూల్లో పట్టుపురుగులు పెంచే పిల్లలు ఆకు కోసుకెళ్తారు. ఆ మందు పడిన ఆకు తింటే పట్టుపురుగులన్నీ చస్తాయి. పట్టు తోటల్లో చేసే పద్ధతే చేశాం: ముడుచుకున్న చివర్లను జానెడు కిందికి తుంచి, కింద రాలకుండా కవరులో వేసి కాల్చేశాం. మిగతా కొమ్మలకి సబ్బు నీళ్లలో కలిపిన వేపనూనె సాయంత్రం పూట, వారానికోసారి కొట్టాం. చీమలు ఎక్కకుండా మొదలు చుట్టూ పాత గుడ్డకి గ్రీజు రాసి కట్టాం, చీమలే ఆ పురుగును కొమ్మ నుంచి కొమ్మకి మోస్తాయి. వానలు వచ్చేసరికి తగ్గిపోయింది. చలికాలంలో ఆకు అడుగున బూడిద తెగులు కూడా కాస్త కనిపిస్తుంది, సంక్రాంతి కత్తిరింపుతో ఆ ఆకే పోతుంది కాబట్టి దానికి ఏమీ చేయం. తినే పళ్ల చెట్టుకి మందు చెప్పే ముందు ఇంట్లో ఎవరు తింటారో ఓనరు అడగాలి. ఈ మాట ఆయనతోనే చెప్పాను, విన్నాడు.

ఇంకొన్ని లోట్లున్నాయి. మొక్కలకి పేర్ల చీటీలు లేవు, తెలిసినవాళ్లు దగ్గరుంటే తప్ప అంటు మల్బరీకి, మామూలు మల్బరీకి తేడా కొత్తవాళ్లకి తెలీదు. బిల్లు ఇవ్వరు. అడిగితే కాగితం మీద రాసిస్తారు, ఫోన్‌పే మాత్రం ఉంది. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు. వాన పడితే లోపల దారంతా బురద, పెద్దవాళ్లను తీసుకెళ్తే జాగ్రత్త. గులాబీలు, క్రోటన్లు ఊళ్లో మిగతా చోట్ల కంటే పాతిక ముప్ఫై ఎక్కువ. అవి లారీలో కడియం నుంచి వచ్చినవే, ఎక్కడ కొన్నా ఒకటే, వాటి కోసం ఇంత దూరం రానక్కర్లేదు. మల్బరీ మాత్రం వీళ్లే ఇక్కడ మొదలు పెంచి, ఇక్కడే అంటు కడతారు.

అందుకే అవి ఎప్పుడూ ఎక్కువ ఉండవు. అయిదడుగుల మొదలు సిద్ధం కావడానికే ఏడాది పైన పడుతుంది. ఈసారి కట్టినవి జూన్ ఆఖరుకి అమ్మకానికి పెడతామన్నారు. వెళ్లేవాళ్లు ముందు రోజు ఉదయం ఫోన్ చేసి, పెద్దాయన ఉండే రోజు కనుక్కుని వెళ్లండి. గుబ్బ మీద టేపు ఇంకా ఉంటే ఆయన చేతే తీయించుకుని మరీ ఆటో ఎక్కించండి.